మృదంగ నాదం, సముద్రపు నీలిమ

పాఠశాల విజ్ఞానశాస్త్ర పుస్తకాలలో ధ్వని ఒక పాఠం, కాంతి మరొక పాఠం. ధ్వని ప్రయాణానికి గాలి, నీరు వంటి యానకం కావాలనీ, కాంతికి అక్కరలేదనీ విద్యార్థి కంఠస్థం చేస్తాడు. గాలిలో ధ్వని అనుదైర్ఘ్య తరంగమనీ, కాంతి తిర్యక్ తరంగమనీ నేర్చుకుంటాడు. ఈ భేదాలన్నీ యథార్థమే. అయితే మన దేశంలో ఈ రెండు పాఠాలూ ఒకే ప్రయోగశాలలో, ఒకే వ్యక్తి చేతిలో ఇరవై ఏళ్లకు పైగా కలిసి నడిచిన చరిత్ర ఒకటి ఉన్నది. ఆ వ్యక్తి చంద్రశేఖర వేంకట రామన్. ఆయన ధ్వని పరిశోధనలను నోబెల్ బహుమతికి ముందటి కాలక్షేపంగా తేల్చివేయడం పరిపాటి అయింది. ఈ అంచనా సరైనది కాదు.

1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో జన్మించిన రామన్ బాల్యం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యర్ అక్కడి కళాశాలలో అధ్యాపకులు, వయొలిన్ వాదనంలో అభిరుచి కలవారు. రామన్ తొలి పరిశోధన పత్రం 1906లో లండన్ పత్రికలో వెలువడింది. దాని విషయం కాంతి వివర్తనం. మరుసటి సంవత్సరం ఆర్థిక శాఖ పోటీ పరీక్షలో ప్రథముడుగా నిలిచి, కలకత్తాలో అసిస్టెంట్ అకౌంటెంట్ జనరల్‌గా చేరారు. పగలు లెక్కల పరిశీలన. కార్యాలయ వేళలకు ముందు, తరువాత బౌబజారు వీధిలోని 210వ నంబరు భవనం. మహేంద్రలాల్ సర్కార్ 1876లో నెలకొల్పిన భారతీయ విజ్ఞాన వికాస సంఘం అందులో ఉండేది. నిర్మానుష్యంగా పడి ఉన్న ఆ ప్రయోగశాల తలుపును రామన్‌కు తెరిచినవాడు అక్కడి సహాయకుడు ఆశుతోష్ దే. పదేళ్లపాటు ప్రభుత్వోద్యోగం, పరిశోధన జంటగా సాగాయి. జీతం బాగా తగ్గుతుందని తెలిసి కూడా 1917లో రామన్ కలకత్తా విశ్వవిద్యాలయంలో పాలిత్ ఆచార్య పదవిని స్వీకరించారు.

ఖరీదైన పరికరాలు లేని ఆ ప్రయోగశాలలో వాద్యాలే పరికరాలయ్యాయి. కమానుతో మీటిన తీగె కంపనాలపై రామన్ 1918లో ఒక విపుల గ్రంథం ప్రచురించారు. తరువాత వీణ, తంబురాలను చేపట్టారు. తీగెను ఏ బిందువు వద్ద మీటితే, ఆ బిందువు వద్ద నిశ్చలంగా ఉండవలసిన అనుస్వరాలు వినిపించరాదని భౌతికశాస్త్ర నియమం. తంబురా విషయంలో ఈ నియమం చెల్లడం లేదని ఆయన గమనించారు. కారణం, తీగె ఆనే భాగం కత్తి అంచులా పదునుగా కాక, వంపు తిరిగిన వెడల్పాటి ఉపరితలంగా ఉండడం. దాని మీద తీగె కింద దూర్చే చిన్న దారపు పోగు శ్రుతికి ఎంత జీవమిస్తుందో వాద్యకారులకు అనాదిగా తెలుసు.

అన్నింటికన్నా ఆశ్చర్యకరమైనది మృదంగం. తీగె స్వభావసిద్ధంగా మూలస్వరానికి రెండు, మూడు, నాలుగు రెట్ల పౌనఃపున్యాలు గల అనుస్వరాలను పలుకుతుంది. అందుకే అది చెవికి ఇంపు. బిగించిన మామూలు చర్మం అలా పలకదు. దాని కంపన నిష్పత్తులు 1, 1.59, 2.14, 2.30 అని అస్తవ్యస్తంగా సాగుతాయి. ఫలితం చప్పుడే గాని నాదం కాదు. కాని మృదంగం, తబలా శ్రుతిలో పలుకుతాయి. 1920లో శివకాళీ కుమార్‌తో కలిసి, 1934లో మరింత విపులంగా, రామన్ దీని రహస్యాన్ని వివరించారు. చర్మంపై సన్నని ఇసుక చల్లి మీటితే, కదలిక లేని రేఖల వెంట ఇసుక పేరుకుంటుంది. అలా తొమ్మిది రకాల కంపనాలను ఆయన గుర్తించారు. కుడి మూత నడుమ పొరలు పొరలుగా రుద్ది వేసే నల్లని పూత బరువు వల్ల ఆ తొమ్మిదీ సర్దుకుని అయిదు అనుస్వరాలుగా ఒదిగిపోతాయి. పూత మందం ఎక్కడ ఎంత ఉండాలో నిర్ణయించినది ఏ సమీకరణమూ కాదు; పేర్లు చరిత్రకెక్కని వాద్య నిర్మాతల చెవి. రామన్ ఆ నైపుణ్యాన్ని విజ్ఞానశాస్త్రం తలవంచి అధ్యయనం చేయదగినదిగా చూశారు. వలసపాలన కాలంలో ఇది చిన్న విషయం కాదు.

1921లో విశ్వవిద్యాలయాల మహాసభకు ఇంగ్లండు వెళ్లిన రామన్, లండన్‌లోని సెయింట్ పాల్ చర్చి గుమ్మటం కింద గుసగుసలు గోడ వెంట పాకే విధానాన్ని పరిశీలించారు. తిరుగు ప్రయాణంలో ఆయనను ఆకర్షించినది సముద్రపు నీలిమ. ఆకాశ ప్రతిబింబమే ఆ నీలిమకు కారణమని లార్డ్ రేలీ అభిప్రాయం. రామన్ తన వద్ద ఉన్న నికల్ పట్టకంతో ఆ ప్రతిబింబాన్ని తొలగించి చూశారు. నీలిమ పోలేదు సరికదా, మరింత గాఢమయింది. నీటి అణువులే కాంతిని పరిక్షేపిస్తున్నాయన్నమాట. తరువాతి ఏడేళ్లు శిష్యులతో ఈ అన్వేషణే. 1923లో కె.ఆర్. రామనాథన్ బలహీనమైన కొత్త వెలుగును గమనించారు. చివరకు కె.ఎస్. కృష్ణన్ నిరంతర సహకారంతో 1928 ఫిబ్రవరి 28న ఫలితం స్థిరపడింది. 1930లో నోబెల్ బహుమతి లభించింది.

ఆ ఫలితం ఏమిటి? ద్రవంలోకి ఒకే రంగు కాంతిని పంపితే, పరిక్షిప్త కాంతిలో అత్యల్ప భాగం రంగు మారి వస్తుంది. ఆ మార్పు కాంతి పౌనఃపున్యంపై కాక, అణువు స్వీయ కంపనాలపై ఆధారపడి ఉంటుంది. బెంజీన్‌ది ఒక వరుస, కార్బన్ టెట్రాక్లోరైడ్‌ది మరొక వరుస. ఒక వస్తువు ఏయే పౌనఃపున్యాలతో కంపిస్తుంది, ఆ వరుసను నిర్ణయించేది ఏమిటి అన్నది మృదంగాన్ని అడిగిన ప్రశ్నే. ఇసుక రేఖల స్థానంలో ఇప్పుడు వర్ణపట రేఖలు వచ్చాయి.

బెంగుళూరుకు తరలిన తరువాత ఈ రెండు దారులూ ప్రత్యక్షంగానే కలిశాయి. చెవికి వినిపించని అతిధ్వని తరంగాలు ద్రవంలో సాగేటప్పుడు సాంద్రత పెరిగిన, తగ్గిన పొరలు ఏర్పడతాయి. ఆ పొరలు కాంతిపుంజాన్ని చీల్చి పలు కిరణాలుగా వెదజల్లుతాయని 1932లో అమెరికా, ఫ్రాన్సు దేశాల ప్రయోగాలు చూపించాయి. దీనికి సిద్ధాంతాన్ని 1935, 1936లలో రామన్, ఎన్.ఎస్. నగేంద్రనాథ్ వరుస పత్రాలలో సమకూర్చారు. లేజర్ కాంతిని ధ్వనితో నియంత్రించే పరికరాల అధ్యయనంలో నేటికీ ఆ ఇద్దరి పేర్లు వినబడతాయి.

ఈ సంప్రదాయం రామన్ బాల్యం గడిచిన తీరానికి కూడా చేరింది. 1931లో ఆయనతో కలిసి ఫోటాన్ స్పిన్‌పై పరిశోధించిన సూరి భగవంతం వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆచార్యులయ్యారు. పరిక్షేపణంపై, రామన్ ఫలితంపై ఆయన రచించిన గ్రంథాన్ని ఆ విశ్వవిద్యాలయమే 1940లో ప్రచురించింది. అతిధ్వనులపై కూడా ఆయన, ఆయన శిష్యులు అక్కడ విస్తృతంగా పనిచేశారు.