కార్ఖానా గేటు ముందు తీసిన సినిమా

ఇప్పుడు చాలా కంపెనీలు తమ గురించి సినిమాలు తీయించుకుంటున్నాయి. వీటినే కార్పొరేట్ ఫిల్మ్‌లు అంటారు. ఇది కొత్త పని అనుకుంటాం గానీ, జనానికి చూపిన తొలి సినిమాల్లో ఒకటి కార్ఖానా గేటు ముందు తీసిందే.

ఫ్రాన్స్‌లోని లియాన్ నగరంలో లూమియేర్ సోదరులకు ఫొటో ప్లేట్ల ఫ్యాక్టరీ ఉండేది. 1895లో వారు తమ కార్మికులు బయటికి వస్తుండగా చిత్రించారు. నిమిషం కూడా లేని ఆ సినిమాలో యంత్రాలు లేవు, సరుకు లేదు. పని ముగించిన ఆడవాళ్లు, మగవాళ్లు, ఒక కుక్క ఉన్నారు. 1896 జులై 7న బొంబాయిలోని వాట్సన్ హోటల్లో చూపిన చిత్రాల్లో ఇదీ ఒకటి.

1922లో వచ్చిన 'నానూక్ ఆఫ్ ది నార్త్' సినిమాకు డబ్బు పెట్టింది బొచ్చుతోళ్ల వ్యాపారం చేసే కంపెనీ. దర్శకుడు ఫ్లాహర్టీ మాత్రం తోళ్ల గొప్ప చెప్పలేదు, మంచు దిమ్మెలు కోసి ఇల్లు కట్టే మనిషిని చూపించాడు. కొన్ని దృశ్యాలు ఏర్పాటు చేసి తీశాడనే విమర్శ ఉంది. అయినా ఇల్లు ఎట్లా పూర్తవుతుందో అని కదలకుండా చూస్తాం.

మా సోలాపూర్ చాదర్ అందరికీ తెలుసు. తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీలు ఎందరో ఇక్కడ మగ్గాల మీదే బతికారు. నేను చూసిన ఒక చాదర్ల సినిమాలో రంగులు, పూలు బాగున్నాయి, నేసే చేతులు మాత్రం లేవు. "పోగు తెగితే ఎట్ల ముడేస్తమో సూపియ్యలే" అన్నాడు మా నాయన.

పోగు తెగుతుంది, మగ్గం ఆగుతుంది, ముడి పడ్డాక మళ్లీ నడుస్తుంది. మా పేటలో సినిమా తీసేవాళ్లు ముందు ఆ ముడిని చూపాలి. షిఫ్టు దిగి గేటు దాటే మొహాలను కూడా చూపాలి.