గడప దాకా వచ్చినవాడు

దేవదాసు చచ్చిపోతాడని హాల్లో అందరికీ ముందే తెలుసు. 1953 జూన్ 26న వినోదా వారి సినిమా విడుదలయ్యేనాటికి శరత్ బాబు నవల అచ్చయి ముప్ఫై ఆరేళ్లు. చక్రపాణి లాంటివాళ్ల అనువాదాల పుణ్యమా అని శరత్ మన ఇళ్లలో ఎంతగా కలిసిపోయాడంటే, ఆయన బెంగాలీవాడన్న సంగతే చాలామందికి గుర్తుండేది కాదు. అయినా చివరి రీళ్లలో, ఎడ్లబండి ఆ చీకటి దారిన ఊగుతూ పోతుంటే, "కాస్త తొందరగా తోలవయ్యా" అని నేల తరగతిలోంచి గొంతులు లేచేవి. సినిమా వచ్చి ఎన్నో ఏళ్లయ్యాక కూడా మా ఊరి డేరా టాకీసులో నేనా మాట విన్నాను. అలా అన్న ఆవిడ ఆ సినిమా అప్పటికే చూసి ఉందని ఆమె పక్కనున్నవాళ్లే చెప్పారు. బండి ఎప్పుడు చేరుతుందో, చేరాక ఏమవుతుందో ఆవిడకు తెలుసు. అయినా తోలమంది.

దేవదాసు పతనం సీసాతో మొదలైందనుకోవడం అన్యాయం. అది ఒక రాత్రి మొదలైంది. ఊరంతా సద్దుమణిగాక చిన్ననాటి నేస్తం పార్వతి ఒక్కతే అతని జమీందారు తండ్రి ఇంట్లోకి నడిచొచ్చింది. పెళ్లి మాట పెద్దవాళ్ల దగ్గర అప్పటికే చెడింది. ఇరుగుపొరుగు సంబంధం, అంతస్తు తక్కువ, వద్దన్నారు. పెళ్లి కావలసిన పిల్ల అర్ధరాత్రి మగవాడి గదిలో అడుగుపెట్టిందంటే ఆ రోజుల్లో బతుకు బుగ్గి అయినట్టే. ఆమె అదంతా ఆలోచించుకునే వచ్చింది. అతని పాదాల దగ్గర చోటిమ్మని అడగడానికి వచ్చింది. అతనికి ముందు వచ్చింది భయం: ఎవరైనా చూశారా, రేపు నలుగురూ ఏమంటారు, నాన్నకేం చెప్పాలి. చివరికి ఆమెను మళ్లీ ఇంటి దగ్గర దిగబెట్టాడు. ఆ దిగబెట్టడంలో మర్యాద ఉంది, ప్రేమ కూడా ఉంది. లేనిదల్లా తెగింపు.

మర్నాడు తండ్రి దగ్గర నోరు విప్పాడు, కసురు తిన్నాడు, పట్నం వెళ్లిపోయాడు. అక్కడి నుంచి పార్వతికి ఉత్తరం రాశాడు, తన మనసులో ఆమె మీద అంత ప్రేమ ఉందని ఎన్నడూ అనుకోలేదని. ఆ ఉత్తరం పోస్టు చేసిన దగ్గర్నుంచీ అతనికి మనశ్శాంతి లేదు. పరుగున ఊరికి తిరిగొచ్చాడు. అప్పటికి పార్వతికి సంబంధం కుదిరిపోయింది. పెద్ద జమీందారు, భార్య పోయినవాడు, ఎదిగిన పిల్లలున్నవాడు. చెరువు గట్టున ఆమె కూడా తన ఆత్మాభిమానాన్ని వదులుకోలేదు. నవలలో శరత్ అతని చేతికి చేపల గాలం కర్ర ఇచ్చాడు. ఆ కర్రతో ఆమె నుదుటి మీద కొట్టాడు. మచ్చ మిగిలింది. ఆమెకు అతనిచ్చిన కానుక అదొక్కటే.

ఈ కథను ఎన్నిసార్లు చదివినా, చూసినా నన్ను పట్టి కుదిపేది అతని పతనంలో పెద్ద పాపమేదీ లేకపోవడం. ఎవర్నీ మోసం చేయలేదు, ఎవరి సొమ్మూ కాజేయలేదు. ప్రతిసారీ ఒక పూట ఆలస్యంగా వచ్చాడు, అంతే. పట్నంలో వేశ్య చంద్రముఖి ఇంట మందు గ్లాసు అందుకున్న చెయ్యి కూడా మొదట్లో అయిష్టంగానే అందుకుంది. ఆ తర్వాతదంతా చూస్తుండగానే జరిగిపోయింది: గడ్డం, శాలువా, దగ్గు, కుక్క.

నాగేశ్వరరావు ఈ పాత్ర వేస్తున్నాడంటే పెదవి విరిచినవాళ్లు ఎందరో. 'బాలరాజు', 'కీలుగుర్రం' చూసి ఆయన్ను జానపదాల హీరోగానే ఎరిగిన రోజులు. అప్పటికి ముప్ఫై ఏళ్లు నిండలేదు. ఆ మత్తు కళ్ల కోసం రాత్రిళ్లు షూటింగ్ పెట్టుకున్నారు. నిద్ర లేని రెప్పలు వాటంతటవే వాలాయి. దర్శకుడు వేదాంతం రాఘవయ్య కూచిపూడి నుంచి వచ్చిన నాట్యాచార్యుడు, అందుకేనేమో ఆయన దేవదాసును తూలనివ్వలేదు. ఆ పాత్రలో నేను చూసేది తాగుబోతు తడబాటు కాదు, వెళ్లడానికి చోటు లేనివాడి నడక. సముద్రాల మాట, ఘంటసాల గొంతు ఆ నడకకు తోడయ్యాయి. బాణీలు కట్టిన సి.ఆర్. సుబ్బరామన్ మాత్రం సినిమా తెర మీద పడకముందే, 1952లో, చిన్న వయసులో కన్నుమూశాడు. మిగిలిన పని శిష్యులు విశ్వనాథన్, రామమూర్తి పూర్తిచేశారు. ఊరూరా తాగినవాళ్లు, తాగనివాళ్లు, ప్రేమించనివాళ్లు కూడా పాడుకున్న ఆ పాటలను కట్టినాయన ఆ పాటలకు జనం ఏడవడం చూడలేదు.

ఇక పార్వతి మెట్టినింటి ఊరు, దుర్గాపురం. పార్వతి ఒకసారి పుట్టింటికి వచ్చినప్పుడు, తాగుడు మానమని అతన్ని బతిమాలింది. మానతానని అతను మాటివ్వలేకపోయాడు. చచ్చేలోగా ఒక్కసారి నీ గుమ్మం ముందుకు వస్తానని మాత్రం ఇచ్చాడు. తన జన్మలో నిలబెట్టుకున్న మాట అదొక్కటే. ప్రాణం గొంతులోకి వచ్చాక రైలు దిగి, బండి కట్టించుకుని, దారి పొడుగునా ఇంకెంత దూరమని అడుగుతూ వచ్చాడు. తెల్లవారేసరికి జమీందారు ఇంటి ముందు చెట్టు కింద అరుగు మీద పడి ఉన్నాడు. ఎవరో పరదేశి అనుకున్నారు. లోపల పార్వతికి తెలియదు. తెలిసేసరికి అతను లేడు.

ఆ తర్వాతి ఘట్టంలో నవల ఒక దారి, సినిమా ఒక దారి. శరత్ మరీ కఠినుడు. ఆ శవాన్ని ఊళ్లో ఎవరూ ముట్టుకోలేదని, చివరికి సగం కాలిన దేహాన్ని వదిలేసి పోయారని రాశాడు. పార్వతికి చివరిచూపు కాదు కదా, బూడిద కూడా దక్కలేదు. ఆమె పరుగెత్తబోతే ఇంట్లోవాళ్లు పట్టుకుని ఆపారు. ఆ తర్వాత రచయిత కథ పక్కన పెట్టి నేరుగా మనతో మాట్లాడతాడు, ఇలాంటి అభాగ్యుడు ఎదురైతే అతని కోసం ప్రార్థించమంటాడు. సినిమాకు ఆ అవసరం లేకపోయింది. సినిమాలో తలుపుంది. జుట్టు విడిపోయి, కొంగు జారి, లోపలి నుంచి పరుగెత్తుకొస్తున్న పార్వతిగా సావిత్రి. ఎదురుగా మూసుకుంటున్న తలుపులు. ఆమె చేరేలోపే మూసుకుపోయాయి. అక్కడే కూలిపోయింది.

హాలు రెండుసార్లు ఏడ్చింది. దేవదాసు తల వాల్చినప్పుడు మగవాళ్లు ఏడ్చారు. తమకు దక్కనివాళ్లను, తాము దక్కించుకోలేని రోజులను తలుచుకుని ఏడ్చారు, అందులో తప్పేమీ లేదు. కానీ ఆడవాళ్ల ఏడుపు వేరు. అది కాసేపటి తర్వాత, తలుపు దగ్గర మొదలయ్యేది. ఆ బెంచీల మీద కూర్చున్నవాళ్లలో రెండో పెళ్లివాడికి ఇచ్చినవాళ్లున్నారు, సవతి బిడ్డలను సాకినవాళ్లున్నారు, కన్నవాళ్లు పోతే కూడా అత్తింటి అనుమతి కోసం ఎదురుచూసినవాళ్లున్నారు. శవాన్ని ఒక్కసారి చూస్తానన్నందుకు వీధి తలుపు వేసేసిన ఇల్లు వాళ్లకు కథ కాదు. మగవాళ్లు దేవదాసు జపం చేసి గడ్డాలు పెంచుకున్నారు గానీ, ఆ చివరి ఘట్టాన్ని సరిగ్గా చూసింది ఆడవాళ్లేనని నా నమ్మకం.

సావిత్రికి అప్పటికి ఇరవై ఏళ్లయినా దాటలేదు. ఈ పార్వతి ఆమెను ఎక్కడికో తీసుకుపోయింది. తెర మీద తాగి నశించిన నాగేశ్వరరావు నిండుగా బతికి, 2014 జనవరిలో తొంభయ్యో ఏట వెళ్లిపోయారు. తెర మీద తాగుడు మానమని చేతులు జోడించిన పిల్లను ఆ తాగుడే తీసుకుపోయింది. ఏడాదిన్నరకు పైగా స్పృహ లేకుండా పడుండి, 1981 డిసెంబర్ 26న మద్రాసులో పోయింది. ఇది తెలిశాక ఆ సినిమాను మునుపటిలా చూడటం నా వల్ల కాలేదు. సావిత్రి జీవితం మీద వచ్చిన 'మహానటి' చూసిన కుర్రకారు ఇప్పుడు పాత 'దేవదాసు' వెతుక్కుని చూస్తున్నారు. వాళ్లకు బండి కన్నా, దగ్గు కన్నా, ఆ పిల్ల ముఖమే ముందు కనిపిస్తుంది. ఆమె నవ్వుతున్న మొదటి రీళ్ల దగ్గరే కొందరి కళ్లు చెమరుస్తాయి.

1974లో కృష్ణ, విజయనిర్మల మళ్లీ తీశారు, రంగుల్లో. జనం పాతదాని దగ్గరే ఉండిపోయారు. కొత్తది బాగాలేదని కాదు. ఒకసారి మనసు పెట్టి ఏడ్చిన చోటును జనం అంత త్వరగా మార్చుకోరు.

ఈ కథలో దుర్మార్గుడు లేడు. పార్వతి మొగుడిగా సి.ఎస్.ఆర్. వేసిన ముసలి జమీందారు చెడ్డవాడు కాడు, ఆమెను పల్లెత్తు మాటనడు, తన వయసుకు తానే సిగ్గుపడతాడు. దేవదాసు తండ్రిగా రంగారావు గర్జించినా, ఆ కాలపు తండ్రులందరూ అన్నమాటే అన్నాడు. డేరా టాకీసు నుంచి ఇళ్లకు పోతూ ఆడవాళ్లు దీని మీదే వాదులాడుకునేవాళ్లు. తప్పు తండ్రిదని ఒకరు, పిరికివాడైన దేవదాసుదే అని ఒకరు, ఆ రోజు చెరువు గట్టున పార్వతి కాస్త మెత్తబడాల్సిందని ఇంకొకరు. బండి తోలమన్న ఆవిడ మాత్రం మొదటి రాత్రి దగ్గరే ఆగిపోయింది. తిప్పి పంపకుండా గది తలుపు వేసి, పొద్దున్నే ఇద్దరూ కలిసి పెద్దాయన ముందుకెళ్లి నిలబడాల్సిందంది. నిలబడితే కొట్టి చంపేవాడేమో అని ఎవరో అన్నారు. చంపితే చంపనీ, ఇద్దరూ ఒకేచోట ఉండేవాళ్లు కదా అంది ఆవిడ.