మంజీరా వాటర్ కలదు

పోయిన సెప్టెంబర్‌లో మా టీమ్‌లో ఒకతను జర్మనీ వెళ్ళొచ్చాడు. ప్రాజెక్టు పని అయ్యాక నాలుగు రోజులు సెలవు పెట్టి, మోసెల్ నది పక్కన గ్రావెల్ బైక్ తొక్కాడట. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా: గ్రావెల్ బైక్ అంటే హ్యాండిల్ రేసు సైకిల్లా కిందకి వంగి ఉంటుంది, టైర్లు మాత్రం లావు. తారు రోడ్డు మీదా పోతుంది, కంకర దారిలోనూ పోతుంది. ధర అడక్కండి, నేను ఇంజనీరింగ్‌లో నడిపిన సెకండ్‌హాండ్ మోటర్‌సైకిల్ ఇంకా చవగ్గా వచ్చింది.

లంచ్‌లో ఫోటోలు చూపించాడు. కొండవాలు నిండా ద్రాక్షతోటలు, రోమన్ల కాలం నాటి ట్రియర్ పట్టణం, కోటలు, చర్చిలు. అన్నీ అయ్యాక లాప్‌టాప్ మూస్తూ, "మనకిలాంటివి లేవు బాస్" అన్నాడు.

నాకు కాస్త ఉక్రోషం వచ్చింది. నది, కోట, పేద్ద చర్చి, పాత ఊళ్ళు, కంకర దారి. ఇవన్నీ ఒక్కచోటే ఉన్న ఊరు హైదరాబాద్‌కి సుమారు వంద కిలోమీటర్ల దూరంలో ఉంది. మెదక్. సరే, ద్రాక్షతోట ఒక్కటే తక్కువ. ఆ సంగతి చివర్లో చెప్తాను.

సంక్రాంతి అయ్యాక ఓ ఆదివారం సైకిల్‌ని కారుకి కట్టుకుని బయల్దేరాను. నర్సాపూర్ అడవి దాటి, కౌడిపల్లి దాటి, కొల్చారంలో కారు ఆపేశాను. కాళిదాసు కావ్యాలకి వ్యాఖ్యానాలు రాసిన మల్లినాథ సూరి ఇంటిపేరు కొలచలం. ఆ కొలచలమే ఈ కొల్చారం అంటారు. మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ముందే చెప్పి మరీ మొదలుపెట్టాడాయన. మన డాక్యుమెంటేషన్ రాసేవాళ్ళని ఏడాదికోసారి ఈ ఊరు తీసుకొచ్చి దణ్ణం పెట్టించాలి!

అక్కణ్ణుంచి పోతంశెట్టిపల్లి మీదుగా నది వైపు తిరిగాను. ఈ నది గురించి ఒక విషయం చెప్పాలి. మంజీర మహారాష్ట్రలో బీడ్ జిల్లా బాలాఘాట్ కొండల్లో పుడుతుంది. ఆగ్నేయంగా, బీదర్ పక్క నుంచి, నేరుగా హైదరాబాద్‌కే వస్తున్నట్టు వస్తుంది. సంగారెడ్డి దాటాక ఏమనిపిస్తుందో ఏమో, మెల్లగా ఉత్తరానికి తిరిగిపోతుంది. మెదక్ పక్కనుంచి వెళ్ళి, నిజామాబాద్ జిల్లా కందకుర్తి దగ్గర గోదావరిలో కలుస్తుంది. మొత్తం 724 కిలోమీటర్లు. మ్యాపులో చూస్తే, పట్నం పొలిమేర దాకా వచ్చి మొహం తిప్పుకుని పోయిన మనిషిలా ఉంటుంది. పట్నం మాత్రం దాన్ని వదల్లేదు. అసలు కథ అదే.

మెదక్‌కి కాస్త ఎగువన నది మీద ఘనపురం ఆనకట్ట ఉంది. 1905లో, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కాలంలో కట్టారు. పెద్ద డ్యామేం కాదు. నదికి అడ్డంగా రాతి గోడ, రెండు పక్కలా రెండు కాలవలు. ఒకటి మహబూబ్ నహర్, రెండోది ఫతే నహర్. రెండూ కలిసి ఇరవై వేల ఎకరాల పైచిలుకు తడపాలి. పక్కనే ఏడుపాయల. మంజీర ఏడు పాయలుగా చీలే చోట రాళ్ళ మధ్య వనదుర్గా భవాని గుడి. శివరాత్రి జాతరకి జనం లక్షల్లో వస్తారు.

సైకిల్ తొక్కటానికి సుఖమైన దారి కాలవ కట్టే. ఎర్రటి మొరం, ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క యాసంగి నాట్లు. కొంగలు తప్ప ట్రాఫిక్ లేదు. మోసెల్‌లో మాత్రం ఇంతకంటే ఏముంటుంది అనుకుంటుండగా, తుమ్మముల్లు దిగి వెనక టైర్ పోయింది.

గట్టు మీద కూర్చుని ట్యూబ్ మారుస్తుంటే ఒక పెద్దాయన వచ్చి పక్కన నిలబడ్డాడు. కాసేపు ఏమీ మాట్లాడలేదు.

"ఏడికెల్లి వస్తున్రు సార్?"

"హైదరాబాద్ నుంచి పెద్దాయనా."

"హైదరాబాద్‌ల ఏడ?"

"మియాపూర్."

"గట్లనా. అయితే మా నీళ్ళే తాగిన్రన్నట్టు."

కోపంగా అన్లేదు, నవ్వుతూనే అన్నాడు. నాకే ఏం చెప్పాలో తెలీలేదు.

ఎందుకంటే నిజంగానే తాగాను. 2004లో ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి, ఇల్లు వెతుక్కుంటూ మియాపూర్, చందానగర్ సందులన్నీ తిరిగేటప్పుడు ప్రతి గేటుకీ ఒక అట్టముక్క వేలాడేది. "టూ-లెట్. మంజీరా వాటర్ కలదు. బ్యాచిలర్లకు ఇవ్వబడదు." మంజీరా వాటర్ అంటే మినరల్ వాటర్ లాంటి బ్రాండ్ పేరేమో అనుకున్నాను చాన్నాళ్ళు. నవ్వకండి, అలా అనుకున్నవాళ్ళు మీలోనూ ఉంటారు. ఆ మాట ఉంటే అద్దె రెండొందలు ఎక్కువ. అదొక నది పేరని, ఆ నది కింద ఎవరికో పొలాలు ఉంటాయని మాకెందుకు తడుతుంది?

ఇంటికొచ్చాక కూర్చుని వరసగా తేదీలు రాసుకున్నాను. 1908లో మూసీ వరద. ఆ దెబ్బతో 1920కి ఉస్మాన్‌సాగర్, 1927కి హిమాయత్‌సాగర్ తయారయ్యాయి. పట్నానికి అప్పట్లో ఆ నీళ్ళు సరిపోయాయి. మంజీర నీళ్ళు అప్పుడు పొలాలవే. దిగువన అచ్చంపేట దగ్గర 1923లో మొదలుపెట్టి 1931కి నిజాంసాగర్ పూర్తి చేశారు. చీఫ్ ఇంజనీర్ నవాబ్ అలీ నవాజ్ జంగ్. లెక్క ప్రకారం 2,75,000 ఎకరాలు. దాన్ని చూసుకునే బోధన్‌లో 1937లో నిజాం చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది, చుట్టూ చెరకు వచ్చింది.

తర్వాత పట్నం పెరిగింది. 1965లో సంగారెడ్డి దగ్గర మంజీర బ్యారేజీ నుంచి మొదటి పైపు, 1981లో రెండోది. అదీ చాలక ఇంకా ఎగువన సింగూరు కట్టారు, సుమారు 30 టీఎంసీలు. 1989కి పూర్తయింది. అక్కణ్ణుంచి 1991లో ఒకటి, 1993లో ఇంకొకటి. నాలుగు పైపులు. నేను మియాపూర్‌లో కుళాయి తిప్పే నాటికి ఈ ఏర్పాటంతా సిద్ధంగా ఉంది.

మన భాషలో చెప్పాలంటే, ఒకే సర్వర్ మీద మూడు అప్లికేషన్లు నడుపుతున్నాం. అందులో ఒకదానికి ఎప్పుడూ టాప్ ప్రయారిటీ. మిగతా రెంటికీ ఏమన్నా మిగిలితే. పై నుంచి సింగూరు వదిలితేనే ఘనపురం కాలవల్లో నీళ్ళు. ఏడుపాయల జాతరకి భక్తులు స్నానం చెయ్యాలన్నా సింగూరు నుంచి నీళ్ళు వదలమని అధికారులు ఆర్డరు వెయ్యాలి. అమ్మవారికి కూడా అప్రూవల్ కావాలన్నమాట.

2015-16 కరువులో సింగూరూ ఎండిపోయింది, మంజీర బ్యారేజీ ఎండిపోయింది. పట్నానికి పైపులు ఆగిపోయాయి. అప్పటికి పట్నానికి కృష్ణ నీళ్ళున్నాయి, 2015 చివర్లో గోదావరి నీళ్ళు కూడా వచ్చాయి. మా అపార్ట్‌మెంట్‌లో నాలుగు ట్యాంకర్లు ఎక్కువ తెప్పించుకుని, మెయింటెనెన్స్ పెంచారని వాట్సాప్‌లో పోట్లాడుకున్నాం. మెదక్ రైతుకి ఇంకో నది లేదు. ఆ డిసెంబర్‌లోనే మెదక్ పక్కన మంబోజిపల్లి చక్కెర ఫ్యాక్టరీ, బోధన్ ఫ్యాక్టరీ కూడా మూతపడ్డాయి. వాటికి వేరే కారణాలూ ఉన్నాయి, నీళ్ళొక్కటే కాదు. కానీ చెరకు వేసుకునే రైతుకి రెండు తలుపులూ ఒకేసారి మూసుకున్నాయి.

పట్నానికి నీళ్ళివ్వటం తప్పని నేను అనను. కోటిమంది దాహం చిన్న విషయం కాదు. ఆ పెద్దాయనా తప్పన్లేదు. వచ్చిన చిక్కేంటంటే, ఇచ్చినవాళ్ళకి ఆ సంగతి తెలుసు, తాగినవాళ్ళకి తెలీదు.

టైర్ బాగయ్యాక మెదక్ చేరాను. ముందు కోట ఎక్కాను. కాకతీయుల కాలం నాటిదని చెప్తారు. కుతుబ్‌షాహీలు వచ్చాక లోపల మసీదు కట్టారు, ధాన్యం కొట్లు కట్టారు. వాళ్ళు ఊరికి పెట్టిన పేరు గుల్షనాబాద్. పాత పేరు మెతుకు దుర్గం, చుట్టూ ఉన్నది మెతుకు సీమ. అవును, అన్నం మెతుకే. పైనుంచి చూస్తే పేరెందుకొచ్చిందో తెలుస్తుంది, నీళ్ళున్న చోటల్లా వరే. పూలతోట అన్న పేరు పోయింది, మెతుకు నిలిచింది.

ఆ తర్వాత చర్చి. 1914లో చార్లెస్ వాకర్ పాస్నెట్ అనే మిషనరీ పని మొదలుపెట్టాడు. ఆ రోజుల్లో కరువు. ఊరికే పంచిపెట్టటం కన్నా పని చూపించి అన్నం పెడదామని జనాన్ని కట్టడంలో పెట్టాడు. పదేళ్ళు సాగింది. 1924 డిసెంబర్ 25న ప్రార్థన మొదలైంది. గంట గోపురం ఎత్తు 175 అడుగులు. మా వాడు ఫోటో తీసిన చర్చిలకి ఏమాత్రం తీసిపోదు. కానీ నాకు ఆ ఎత్తు కన్నా, కూలీకి వచ్చిన మనిషికి సాయంత్రం దక్కిన మెతుకులే గుర్తున్నాయి.

సుమారు పాతికేళ్ళలో, ఈ చుట్టుపక్కలే ఎంత రాయి పేర్చారో చూడండి: ఘనపురం 1905, పోచారం చెరువు కట్ట 1922, చర్చి 1924, నిజాంసాగర్ 1931. 2025 ఆగస్టులో కనీవినీ ఎరగని వాన పడి వరద ముంచెత్తినప్పుడు, వందేళ్ళు దాటిన పోచారం కట్ట నిలబడింది. ఆ తాపీవాళ్ళ పేర్లు ఏ బోర్డు మీదా లేవు.

ఇక బాకీ ఉన్న ద్రాక్ష సంగతి. హైదరాబాద్ చుట్టూ ద్రాక్ష పండేది, అనాబ్-ఎ-షాహీ అనే రకానికి ఇక్కడ గొప్ప పేరు కూడా ఉండేది. మేడ్చల్, శామీర్‌పేట వైపు పందిళ్ళ కింద తోటలు మీలో చాలామంది చూసే ఉంటారు. ఇప్పుడక్కడ వెంచర్లు. నీళ్ళు తగ్గి, భూమి ధర పెరిగితే ఏ పందిరీ ఆగదు.

మా వాడు చూసిన మోసెల్ కూడా దానంతటదే అలా పారటం లేదు. 1956లో ఫ్రాన్స్, జర్మనీ, లక్సెంబర్గ్ కూర్చుని ఒప్పందం రాసుకుని, ఆనకట్టలూ లాకులూ కట్టి, 1964కి పెద్ద పడవలు తిరిగే దారి చేసుకున్నాయి. మంజీర కూడా మూడు రాష్ట్రాల నదే. పోస్ట్‌కార్డు మీద నది ఎప్పుడూ ఊరికే పారుతున్నట్టే ఉంటుంది.

సోమవారం ఫోటోలు పట్టుకెళ్ళి మా వాడికి చూపించాను. కోట, చర్చి, కాలవ కట్ట, ఏడుపాయల. "ఇదెక్కడ బాస్?" అన్నాడు.

"మీ ఇంట్లో కుళాయి ఉంది కదా, దానికి పై చివర" అన్నాను.

వచ్చే నెల ఇద్దరం వెళ్తున్నాం. స్పేర్ ట్యూబులు రెండు పట్టుకెళ్ళాలి. ఆ పెద్దాయన కనిపిస్తే ఈసారి "అవునండీ, మీ నీళ్ళే తాగాం" అని చెప్పాలి.