శోకము, శోకాలు

హైదరాబాదులో మొహర్రం పదవనాడు దబీర్‌పురా నుండి ఏనుగుపై బయలుదేరు బీబీకా అలమనెడి పవిత్రధ్వజము వెంట, రొమ్ములు బాదుకొనుచు నౌహాలనెడి శోకగీతములు పాడుచు నడచు జనమును చిన్ననాడు నాకు చూపించి, మా అమ్మమ్మ, "ఏం శోకాలు పెడుతున్నారురా నాయనా!" అని తానును కంట తడిపెట్టుకొన్నది. ఆ దినము సమీపించినప్పుడెల్ల ఆమె మాటయే మనసున మెదలుచుండును.

వేదభాషలో 'శుచ్' ధాతువునకు వెలుగుట, మండుట అని యర్థము. ఆ మంటయే లోపలికి మరలి దుఃఖమైనది. తెలుగువారు ఆ శోకమునకు బహువచనము చేర్చి, 'పెట్టు' అను క్రియ తగిలించినంతనే, అది గొంతెత్తి, రాగము తీసి, పోయినవారి గుణములను ఒక్కొక్కటిగా ఎన్నుచు ఏడ్చుట యగుచున్నది. నిఘంటుకర్త అమరసింహుడు చెప్పిన విలాప పరిదేవనములలో ఆ గొంతుజీర నాకు వినబడదు.

క్రౌంచి యేడ్పు విన్న వాల్మీకి శోకము శ్లోకమైన కథ అందరెరిగినదే. కాళిదాసు భర్తను గోల్పోయిన రతిని, భార్యను గోల్పోయిన అజుని వియోగినీ వృత్తమున విలపింపజేసినాడు. అయినను నా మనసు నిలుచునది మహాభారతమున స్త్రీపర్వముకడనే. పెండ్లినాటినుండి కన్నులకు గంతలు కట్టుకొన్న గాంధారి, వ్యాసుడొసగిన దివ్యదృష్టితో కురుక్షేత్రమును చూచి కృష్ణునకు చూపుచున్నది: అభిమన్యుని తల యొడిలో నుంచుకొని నెత్తురంటిన జుట్టు సవరించు ఉత్తర, భర్త శిరస్సు కానక అటునిటు పరుగులెత్తు దుస్సల, తెగిపడిన చేతిని ఒడిలోనికి తీసికొని, అది తమకు చేసిన సరసములన్నియు తలచుకొను భూరిశ్రవుని భార్యలు. శృంగారము కరుణమునకు అంగమగుటకు ఆలంకారికుడు మమ్మటుడు ఈ ఘట్టమునే ఉదాహరించినాడు. నాకుమాత్రము ఇందు శాస్త్రముకంటె మా పల్లె కనబడును. శవము ప్రక్క కూర్చుండి, "నాకు గాజులు తొడిగించిన చెయ్యి, బిడ్డకు గోరుముద్దలు పెట్టిన చెయ్యి" అని లెక్కపెట్టి యేడ్చు ఇల్లాలి గొంతును వ్యాసుడు విననిదే ఇట్లు వ్రాయలేడు. తుదకు గాంధారి శోకము శాపమై, 36వ యేట యదుకులము నశించునని కృష్ణునే తాకినది.

13వ శతాబ్దమున తిక్కన ఈ స్త్రీపర్వమును తెనిగించినాడు. తరువాత గోలకొండ సుల్తాను మహమ్మద్ కులీ దక్కనీలో మర్సియాలనెడి శోకగీతములు రచించినాడు. ఇటీవలి కాలమునకు వచ్చుసరికి ఈ వరుస చెదరిపోవుచున్నది. "ఎందుకా శోకాలు?" అన్నది మారాము చేయు పిల్లలను గదుము మాటయైనది. శవయాత్రకు వైకుంఠరథము, దానిపై మైకులో పాట. అపార్టుమెంటులో ఇరుగుపొరుగు వినునేమోనని గొంతులు అణచుకొందురు.

మా అమ్మమ్మ పోయిననాడును ఇల్లంతయు అట్లే నిశ్శబ్దముగా నుండెను. సాయంకాలము పల్లెనుండి వచ్చిన ఆమె ఈడు ముసలమ్మ యొకతె గుమ్మములోనే కూలబడి, "ఓ నా వదినో" అని రాగమెత్తి, కలిసి కోసిన వరిచేలు మొదలుకొని ఎన్నుచు అరగంట శోకాలు పెట్టినది. తెల్లవారినది మొదలు ఏర్పాట్లన్నియు చూచుచు బిగబట్టుకొనియున్న మా మేనమామకు అప్పుడుగాని కన్నీరు రాలేదు.