దారి పక్కకు వచ్చిన థింసా

సంక్రాంతి సెలవులు అయిపోయాక మా వసతి గృహానికి ఒక అమ్మాయి నాలుగు రోజులు ఆలస్యంగా వచ్చింది. తొమ్మిదో తరగతి. ఎందుకమ్మా ఆలస్యం అంటే, మాడగడ కొండ దగ్గర టూరిస్టులతో థింసా ఆడానని చెప్పింది. "చదువుకునే పిల్లవి, రోడ్డు మీద అడుక్కోవడం ఏమిటి?" అని మేము కోప్పడ్డాము. మర్నాడు వాళ్లమ్మ వచ్చింది. "ఇటుకల పండక్కి కర్ర అడ్డం పెట్టి మనందరం అడగలేదా మేడం? అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకు?" అంది. మా దగ్గర జవాబు లేదు. చిన్నప్పుడు ఆ కర్ర పట్టుకున్నవాళ్లలో మేమూ ఉన్నాము. ఆ జవాబు కోసం వెనక్కి తిరిగి చూసుకుంటే తెలిసిన సంగతులనే ఈ సంచికలో మీతో పంచుకుంటున్నాము.

ఇటుకల పండగ చైత్ర మాసంలో వస్తుంది. అరకు, పాడేరు వైపు ఊళ్లలో విత్తనాలకు పూజ చేస్తారు, మగవాళ్లు వేటకు వెళతారు. ఆడవాళ్లు, పిల్లలు దారికి అడ్డంగా కర్ర పెట్టి, వచ్చే పోయేవాళ్లను ఆపి, ఆడి పాడి డబ్బులు అడుగుతారు. దానినే పజోరు అంటాము. ఆ డబ్బు ఊరి విందుకు పోతుంది. దీనిని ఎవరూ బిచ్చం అనలేదు. కారణం ఏమిటంటే, అడిగేది ఒక మనిషి కాదు, ఊరు. అడిగేది రోజూ కాదు, పండగ రోజుల్లోనే. ఆట కూడా ఇచ్చేవాడి కోసం మొదలుపెట్టినది కాదు. పండగకు మేము ఎలాగూ ఆడతాము, దారిన పోయేవాడు అందులో తన వంతు వేస్తాడు, అంతే.

థింసా అంటే ఒక్క ఆట కాదని మన పెద్దలకు తెలుసు, పిల్లలకు తెలియాలి. గ్రామదేవతను కొలిచేటప్పుడు ఆడేది బోడ థింసా. ఆకులు కోయడాన్ని చూపేది పొటర్ తోల థింసా. పులి నుంచి తప్పించుకోవడాన్ని చూపేది బాగ్ థింసా. తుడుము, డప్పు, మోరి, కిరిడి మోగుతుంటే, ఒకరి వీపు వెనుక ఒకరు చేతులు వేసి గొలుసుగా కదులుతారు. ఈ ఆట ఒక్కరి వల్ల కాదు. ఒకరి అడుగు తప్పితే వరస అంతా తప్పుతుంది.

ఇలాంటి ఆట రోడ్డు పక్కకు ఎలా వచ్చింది? ముందు రైలు వచ్చింది. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపానుకు పంపడానికి 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను వేశారు. 50కి పైగా సొరంగాలు తవ్వి, ఖనిజం కోసం వేసిన దారిలోనే తర్వాత ప్రయాణికుల రైలు నడిచింది. బొర్రా గుహలు, అరకు లోయ చూడటానికి జనం రావడం మొదలైంది. 1996లో అరకులో గిరిజన మ్యూజియం తెరిచారు. 2017 ఏప్రిల్‌లో అద్దాల పెట్టె విస్టాడోమ్ వచ్చింది. హోటళ్లలో రాత్రి చలిమంట దగ్గర థింసా పెట్టడం ఒక అలవాటయింది. ఆ తర్వాత ఫోన్లలో మేఘాల కొండలు చూసి తెల్లవారకముందే కార్లు బారులు తీరాయి. ఆట కూడా కార్లు ఆగే చోటికే వచ్చింది.

ఇందులో లాభం లేదనలేము. వలిసెలు పూసే రోజుల నుంచి సంక్రాంతి దాకా ఆడవాళ్ల చేతికి నాలుగు డబ్బులు వస్తాయి. చీర కట్టి, నగలు పెట్టి ఫోటో తీసుకోనిస్తే మరికొంత వస్తుంది. మా పిల్లల నోటు పుస్తకాలు, చెప్పులు కొన్ని ఆ డబ్బుతోనే వచ్చాయి. అయితే ఎండాకాలం రాగానే కొండ ఖాళీ. 2020 లాక్‌డౌన్‌లో టూరిస్టులే రాలేదు. చలిలో మూడు గంటలకే లేచి కొండ ఎక్కాలి. ఎవరెంత ఇస్తారో తెలియదు. ఆట సగంలో నడుం మీద చెయ్యి వేసేవాడికి అడ్డు చెబితే ఇచ్చే పది కూడా ఇవ్వడు. అరగంట ఆట ఐదు నిమిషాల ఆటయింది. బోడ థింసాకూ బాగ్ థింసాకూ తేడా తెలియని పిల్లలు తయారవుతున్నారు.

ఇక అవమానం సంగతి. మేము కోపంలో వాడిన 'అడుక్కోవడం' అనే మాట మా సొంతం కాదు. చట్టంలోనే ఉంది. 1871లో మొదలైన నేరస్త తెగల చట్టాల కింద ఊరూరా తిరిగి ఆడి బతికే డొమ్మర వంటి వారిపైనా నేరస్తులనే ముద్ర వేశారు. ఆ చట్టాలు 1952లో పోయాయి. కానీ 1959 బొంబాయి భిక్షాటన నివారణ చట్టం బహిరంగ స్థలంలో పాడి, ఆడి డబ్బు తీసుకోవడాన్నీ భిక్షాటన కిందే లెక్కగట్టింది. మన రాష్ట్రంలోనూ 1977లో భిక్షాటన నివారణ చట్టం వచ్చింది. ఢిల్లీలో అమలవుతున్న బొంబాయి చట్టంలో అడుక్కోవడాన్ని నేరం చేసే సెక్షన్లను 2018లో అక్కడి హైకోర్టు కొట్టివేసింది.

మరోవైపు 2021లో గుస్సాడీ ఆడిన కనకరాజు గారికి, 2022లో డోలి కొట్టి కోయ వీరుల కథలు పాడిన సకిని రామచంద్రయ్య గారికి పద్మశ్రీ ఇచ్చారు. మనందరికీ గర్వకారణం. కానీ వేదిక మీద కళ అనిపించుకున్న ఆట దారి పక్కన బిచ్చం ఎలా అవుతుంది?

ఆదివాసీని ఆడించడం ఎంత దూరం పోగలదో కూడా మరవకూడదు. అండమాన్‌లో జారవా ఆడవాళ్లను తిండి చూపి టూరిస్టుల ముందు ఆడించిన వీడియో 2012 జనవరిలో బయటికి వచ్చి దేశమంతా తలదించుకుంది. అక్కడ ఆడాలా వద్దా అన్న మాట ఆడేవాళ్ల చేతిలో లేదు.

ఆ తల్లికి ఇప్పుడు మేము చెప్పగలిగిన జవాబు ఇది. అడగడంలో సిగ్గు లేదు, ఆమె మాటే నిజం. మేము అన్న మాట తప్పు, ఆ సంగతి ఆమెకు చెప్పాము. కానీ పజోరులో కర్ర ఊరి చేతిలో ఉండేది. ఎప్పుడు ఆడాలో, ఎంత అడగాలో, ఎప్పుడు చాలించాలో ఊరు చెప్పేది. కొండ మీద ఆ కర్ర మన చేతిలో లేదు. పోయింది అదే.

అందుకే మన సంఘానికి మా మనవి. ఏ ఊరి కొండ దగ్గర ఆ ఊరి మహిళలే వంతులవారీగా ఆడాలి. రేటు ముందే బోర్డు మీద రాయాలి. ఒంటి మీద చెయ్యి వేసేవాడిని పంపించేసే హక్కు ఆడేవాళ్లకు ఉండాలి. బడి ఉన్న రోజుల్లో పిల్లలను తీసుకురాకూడదు. మా వంతుగా ప్రతి ఆదివారం సాయంత్రం ఒక పెద్దమ్మను పిలిచి, పిల్లలకు థింసా అన్ని రకాలూ పూర్తిగా నేర్పిస్తున్నాము.

ఆ అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. ఈ చలికాలం కొండకు తల్లి ఒక్కతే వెళుతుందని ఇద్దరూ కలిసి వచ్చి చెప్పారు. పరీక్షలయ్యాక ఇటుకల పండక్కి మాత్రం కర్ర తానే పట్టుకుంటానంది. సరేనన్నాము.

జై ఆదివాసీ!