కొంగ వేషం, చిత్తడి నేల: ఫోబ్జిఖా అనుభవం

దసరాకో, పీర్ల పండుగకో మీ వీధిలో పులివేషం చూసే ఉంటారు. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, డప్పు దరువుకు తగిన అడుగు. ఆ ఆట తరతరాలుగా సాగుతూనే ఉంది. అడవిలో పులి మాత్రం తరిగిపోయింది. 1972 గణనలో దేశం మొత్తం మీద తేలినవి 1,827. జంతువును అనుకరించే నృత్యం ఉన్నంత మాత్రాన ఆ జంతువుకు రక్షణ దొరకదన్నమాట. మరి నృత్యం సంరక్షణకు ఎప్పుడు అక్కరకొస్తుంది? ఈ ప్రశ్నతో భూటాన్‌లోని ఫోబ్జిఖా లోయను పరిశీలిద్దాం.

సుమారు 2,900 మీటర్ల ఎత్తున ఉన్న ఈ లోయకు ఏటా అక్టోబరు చివరలో టిబెట్ పీఠభూమి నుంచి నల్లమెడ కొంగలు వలస వస్తాయి. పేరుకు కొంగలే గాని, ఇవి మన చెరువు గట్టున కనిపించేవి కావు. సారస పక్షుల కుటుంబానికి చెందినవి. రాత్రిపూట లోతులేని నీళ్లలో నిలబడి నిద్రిస్తాయి కనుక లోయ మధ్యనున్న చిత్తడి నేలే వాటికి ఆధారం. చుట్టుపక్కల రైతుకు ఆధారం బంగాళాదుంప. చిత్తడిని ఎండగడితే పొలం పెరుగుతుంది. అటువంటి ఆలోచన ప్రభుత్వమే చేసి, తరువాత విరమించుకుంది. నేల మిగిలింది, రైతు మనసులోని లెక్క కూడా మిగిలింది.

1998లో అక్కడ నల్లమెడ కొంగల పండుగ మొదలైంది. ఏటా నవంబరు 11న, అంటే నాలుగో రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ పుట్టినరోజున, దీనిని జరుపుతారు. వేదిక 1613లో స్థాపించిన గాంగ్‌టే బౌద్ధారామం ముంగిలి. ఈ ఎంపికను గమనించండి. ముసుగులు ధరించి ఆడే చామ్ నృత్యాన్ని ఆ ముంగిట్లో కూర్చుని చూడడం ఊరివారికి పాత అలవాటు. అదే చోట ఇప్పుడు బడిపిల్లలు తెల్లని రెక్కలు, నల్లని మెడ కట్టుకొని ఎగురుతారు, తలలు వంచుతారు, రెక్కలు విప్పుతారు. అసలు కొంగలు కూడా జంటలుగా ఇలాగే ఆడతాయి. పిల్లలు కొత్తగా కల్పించింది తక్కువే!

ఇక్కడ విద్యార్థులు తరచుగా ఒక పొరపాటు చేస్తారు. నృత్యమే చిత్తడిని కాపాడిందని జవాబుపత్రంలో రాస్తారు. కాలక్రమం దానికి ఒప్పుకోదు. ఎండగట్టే ఆలోచన పోయిన తరువాతే పండుగ వచ్చింది. అలాగే 2020లో ఈ పక్షిని అంతర్జాతీయ ఎర్ర జాబితాలో ‘ముప్పుకు లోనయ్యే’ వర్గం నుంచి ‘ముప్పుకు చేరువలో ఉన్న’ వర్గానికి మార్చిన ఘనతను కూడా ఒక్క లోయకు కట్టబెట్టలేం. నా అభిప్రాయంలో పండుగ చేసిన పని వేరు. కొంగను చూడడానికి వచ్చే యాత్రికుడు ఊళ్లో బస చేస్తాడు, భోజనం చేస్తాడు, చేతిపని వస్తువులు కొంటాడు. పొలం పెంచుకోలేకపోయిన ఇంటికి ఆ విధంగా కొంత రాబడి వస్తుంది. పైగా ఆ ముంగిట్లో రెక్కలు కట్టుకున్నది ఆ ఇంటి పిల్లే. మన పులివేషానికి ఈ రెండు లంకెలూ లేవు.

అభ్యాసం: మీ ప్రాంతంలో పులివేషం కట్టే ఒకరిని కలవండి. ఆయన అడుగులు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఆ గురువు అడవిలో పులిని చూశారో లేదో అడిగి, ఒక పుటకు మించకుండా రాయండి.