జనవరి 26 మా వాడకి ఎప్పుడొచ్చింది?

తిరుపతి నుంచి పుత్తూరు పోయే రోడ్డు మీద ఉంది వడమాలపేట. ప్రతి జనవరి 26న అన్ని ఊళ్ళల్లో లాగే ఇక్కడా జెండా ఎగురుతుంది. పిల్లకాయలకి చాక్లెట్లు పంచుతారు. 1950లో సమానత్వం వచ్చేసిందని ఉపన్యాసాలు చెప్తారు. మా ఇళ్ళల్లో మొదటిసారి డిగ్రీ చదివిన తరంగా మేం అడిగేది ఒక్కటే. ఢిల్లీకి వచ్చింది సరే, ఊరికి ఎప్పుడొచ్చింది?

1950లో చిత్తూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఊళ్ళో సర్కారంటే మునసబు, కరణం. 1895 నాటి మద్రాసు వంశపారంపర్య గ్రామోద్యోగాల చట్టం ప్రకారం రైత్వారీ గ్రామాల్లో ఈ ఉద్యోగాలు తండ్రి నుంచి కొడుక్కి పోయేవి. అదే చట్టంలో అట్టడుగున తలారి, వెట్టి, తోటి కూడా ఉన్నారు. భూమి లెక్కలు కొన్ని ఇళ్ళల్లో తరతరాలుగా ఉంటే, కబుర్లు మోసే పని, దండోరా వేసే పని ఎక్కువగా మన వాడల్లో తరతరాలుగా ఉండిపోయింది. కులాన్ని కాపాడింది శాస్త్రాలే కాదు, సర్కారు చట్టం కూడా.

రాజ్యాంగం 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాల్లో వంశాన్ని బట్టి వివక్ష కూడదంది. 17వది అంటరానితనాన్ని రద్దు చేసింది. 23వది వెట్టిచాకిరీని నిషేధించింది. అయినా పాత చట్టం తెల్లారేసరికి పోలేదు. గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు 1960 డిసెంబరు 6న గాని వంశపారంపర్య హక్కు చెల్లదని చెప్పలేదు. అప్పటికి పదేళ్ళు. మునసబు, కరణం పదవుల్నే ఎన్.టి. రామారావు ప్రభుత్వం 1984 జనవరిలో రద్దు చేసింది. అప్పటికి ముప్పై నాలుగేళ్ళు. సర్పంచు పదవుల్లో మన వాటాని రాజ్యాంగ హక్కుగా చేసిన 73వ సవరణ 1993లో అమల్లోకొచ్చింది. అప్పటికి నలభై మూడేళ్ళు.

జనవరి 26 మనకేమీ ఇవ్వలేదని మేం అనడం లేదు. మొదటి సాధారణ ఎన్నికల్లో మునసబుకీ ఒకే ఓటు, వెట్టివాడికీ ఒకే ఓటు. అది చిన్న సంగతి కాదు. కానీ ఓటులో సమానమై, బతుకులో అసమానంగా ఉండే వైరుధ్యంలోకి పోతున్నామని అంబేద్కర్ 1949 నవంబరు 25నే హెచ్చరించారు. మన ఊళ్ళ చరిత్ర ఆ హెచ్చరికకి సాక్ష్యం.

ఆ సాక్ష్యం కరణం రాసిన లెక్కల్లో దొరకదు. దండోరా వేసినోళ్ళు, కబుర్లు మోసినోళ్ళు ముసలోళ్ళైపోతున్నారు. వాళ్ళ మాట ఎవరూ రాసిపెట్టలేదు. జెండా వందనం అయ్యాక టీచర్లు, విద్యార్థులు ఒక నోటుబుక్కు పట్టుకుని వాడలోకి రావాలి. 'మీకు జనవరి 26 ఎప్పుడొచ్చింది తాతా?' అని అడగాలి. ఆ జవాబులు రాసుకున్నప్పుడే గణతంత్ర చరిత్ర మనదవుతుంది.